ఎక్స్‌రేలో చోడి అంబలి

జాతకాలు కలవక పెళ్లి తప్పిపోయినవాళ్లని మీరు చూసుంటారు. వియ్యాలవారు అలిగి తప్పిపోయినవాళ్లనీ చూసుంటారు. అంబలి తాగి పెళ్లి తప్పగొట్టుకోబోయిన ఘనుణ్ణి మాత్రం చూసుండరు. ఇదిగో, నేనే.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. గజపతినగరంలో ఉండే మా మేనమామ సూరిమావ తన కూతురు పార్వతిని నాకిస్తానన్నాడు. అంతలో నాకు కడుపునొప్పి పట్టుకుంది. అన్నం తిన్నానో లేదో, ఎవరో పేగుల్ని తడిబట్టలా పిండినట్టుండేది. మావకి మొహమాటాల్లేవు.

"ఒరే, నీ కడుపులో ఏటున్నాదో తేలాల. గడ్డా గిడ్డా ఉంటే పిల్లనియ్యను. ముందే సెప్తన్నాను."

తలుపు వెనక పార్వతి కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం. గడ్డ లేదని తేలితే చాలు, ఏం చెయ్యమన్నా చేస్తాననుకున్నాను.

విజయనగరంలో ఎక్స్‌రే డాక్టరుగారు చెప్పారు: "కిందనుంచి బేరియం మందు ఎక్కించి పెద్దపేగు ఫోటో తీస్తాం. పేగు ఖాళీగా ఉండాలి. ముందురోజు ఏమీ తినకు. పల్చటివేమైనా తాగు. రాత్రికి ఆముదం పుచ్చుకో."

ఆ ముందురోజు మావ ఇంట్లోనే ఉన్నాను. పొద్దెక్కేసరికి వేలాడిపోయిన నా మొహం చూసి అత్త కరిగిపోయింది.

"తిండి వద్దన్నాడు గాని, అంబలి వద్దన్నాడేటి?"

"అన్లేదత్తా."

"మరేటి? అది తాగీదే గదా!"

మావైపు అంబలిని ఎవరూ తిండి కింద జమకట్టరు. చెంబెడు తాగి పొలానికెళ్లినవాడు కూడా ఇంకా ఏటీ తినలేదనే అంటాడు. నేనూ తాగాను. చోడిపిండీ, అంటే రాగిపిండీ, నూకలూ కలిసి, గరిటె నిలబడేంత "పల్చగా" ఉంది. పచ్చి ఉల్లిపాయ నంజుకున్నాను. ఉల్లిపాయ లేకుండా అంబలి ఎలా దిగుతుంది చెప్పండి? ఆముదం మాత్రం వాసనకే డోకొచ్చింది. సగం నేను తాగి, మిగతాది పెరట్లో అరటిచెట్టుకి పోశాను.

బేరియం ఎక్కించుకున్న వైభవాన్ని వర్ణించను. మీరు భోజనానికి ముందు చదువుతూ ఉండొచ్చు.

డాక్టరుగారు ఫిల్ముని వెలుతురుకి పెట్టి నొసలు ముడిచారు. "తెల్లటి పేగులో ఈ నల్లటి బుడిపెలేమిటి? ఇన్నా!"

"పోయినాది," అన్నాడు నాతో వచ్చిన మావ. "పెళ్లి పోయినాది."

పార్వతి గుర్తొచ్చి నేను భోరుమన్నాను.

"ఏడుపు తర్వాత. నిన్న ఏం తిన్నావు?" అన్నారు డాక్టరుగారు.

"ఏమీ తినలేదండీ. అంబలి తాగానంతే."

"అంబలా! ఎంత?"

"అత్త పోసినంతండీ."

"ఇంకా?"

"ఉల్లిపాయ నంజుకున్నానండీ."

ఆయన కళ్లజోడు తీసి నెత్తి పట్టుకున్నారు. "ఇవి గడ్డలు కావయ్యా. మీ అత్తగారి చోళ్లూ, నూకలూ!"

మావ నాకేసి తిరిగాడు. "ఒరే యెదవా! నా పిల్ల పెళ్లి సెంబులో ముంచీబోయేవు గదరా!"

రెండోసారికి మావే కాపలా కూర్చున్నాడు. ముక్కు మూసి ఆముదం తనే పోశాడు. ఈసారి పేగు కడిగిన గిన్నెలా వచ్చింది. గడ్డా లేదు, గిడ్డా లేదు. డాక్టరుగారు నొప్పికి మాత్రలిచ్చి, పెళ్లి చేసుకోమన్నారు.

తిరుగు రైల్లో మావ సంతోషం పట్టలేకపోయాడు. ఫిల్ము తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, పెట్టెలో అందర్నీ పిలిచాడు. "సూడండి, మా అల్లుడు! లోపల ఒక్క మచ్చుంటే సెప్పండి!"

ఎదురు బల్ల మీది ముసలమ్మ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. "బాగున్నాడు నాయనా. తల్లి పోలికా, తండ్రి పోలికా?"

ఆ క్షణమే కాబోయే పెళ్లాం మీద ఒట్టేసుకున్నాను. డాక్టరు తిండి మానమన్న రోజున అంబలి చెంబు వైపు కన్నెత్తి చూడను. నా లోపలి అందాన్ని ఇంకెన్నడూ రైలెక్కనివ్వను.