లాలాగూడ ఇంట్లో పలకని పేరు

నా చిన్నప్పుడు, మేము బందరు నుంచి సికింద్రాబాదుకు వచ్చిన మొదటి ఏడాదంతా, మా అమ్మ తన ట్రంకు పెట్టెను పూర్తిగా ఖాళీ చేయలేదు. చీర కావాలంటే అందులోంచి తీసుకునేది, ఉతికి ఆరాక మడతపెట్టి మళ్ళీ అందులోనే పెట్టేది. గోడకు అలమర ఉంది. నాన్న దండెం కూడా కట్టిపెట్టారు. అయినా అమ్మ ఆ ఇంట్లో స్టేషనులో కూర్చున్న మనిషిలాగే ఉండేది.

నాన్నకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మాకిచ్చిన క్వార్టరు రెండు గదులది, వెనక కాస్త పెరడు. ఆంధ్రా, తెలంగాణా కలిసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఒకే రాష్ట్రం అన్నారు గానీ అమ్మకు మాత్రం వేరే దేశం వచ్చినట్టే ఉండేది. ఇక్కడి నీళ్ళకు పప్పు ఉడకదనేది. చేప తాజాది దొరకదనేది. కూరగాయలవాడు మామూలుగా "ఏం గావాలెనమ్మా" అన్నా తిడుతున్నాడేమోనని లోపలికి వచ్చేసేది. నేను మాత్రం తొందరగానే గల్లీ పిల్లలతో కలిసి "ఏందిరా, ఎటు వోతున్నవ్‌రా" అనడం నేర్చేసుకుని, ఒకసారి ఇంట్లో కూడా అలాగే అని, వీపు మోగించుకున్నాను.

అమ్మ అసలు దుఃఖం పప్పుదీ కాదు, చేపదీ కాదు. ముందటి వానాకాలంలో బందరులో మా తమ్ముడు జ్వరంతో పోయాడు. నడక వచ్చింది, మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. చర్చి వెనక సమాధుల తోటలో, ప్రహరీ పక్కన పెట్టాం. ఆ తర్వాత నాన్న ఆ వీధుల్లో తిరగలేకపోయారు. ఎవరు ఎదురైనా చెయ్యి పట్టుకుని ఓదార్చేవారు, ఆయన తల వంచుకుని నిలబడేవారు. సికింద్రాబాదులో ఉద్యోగం రాగానే, ఊరు మారితే అమ్మ మనసు తేరుకుంటుందని అందరికీ చెప్పి బయలుదేరదీశారు. ఆ మార్పు అమ్మకంటే ఆయనకే ఎక్కువ అవసరమని నాకు చాలా పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఏమైతేనేం, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

కొత్త ఇంట్లో నాన్న ఒక నియమం పెట్టారు. నోటితో చెప్పలేదు గానీ మాకు అర్థమైంది. తమ్ముడి పేరు ఎత్తకూడదు. మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. చాప పరుచుకుని, ఒక కీర్తన పాడి, బైబిలు చదివాక నాన్న ప్రార్థన చేసేవారు. బందరులో ఆ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళందరి పేర్లూ వరసగా వచ్చేవి. అమ్మ పేరు, తర్వాత నా పేరు, తర్వాత తమ్ముడి పేరు. లాలాగూడలో నా పేరు దాకా వచ్చి, కొంచెం ఆగి, "ఆమెన్" అనేసేవారు. ఆ ఆగినచోట అమ్మ కళ్ళు తెరిచి చూడడం నేను చాలాసార్లు చూశాను. ప్రార్థనలో నేనెందుకు కళ్ళు తెరిచానని మాత్రం అడక్కండి.

అలా ఉండగా ఒక ఆదివారం, మేము కొత్తగా చేరిన చర్చిలో ఆరాధన అయ్యాక, పాస్టరుగారి భార్య మా దగ్గరికి వచ్చి ఎంతో ఆప్యాయంగా పలకరించారు. ఏ ఊరు, ఏం ఉద్యోగం అని అడిగి, పిల్లలెంతమంది అన్నారు. అమ్మ నోరు తెరిచేలోపే నాన్న చెప్పేశారు.

"ఒక్కతేనండీ. ఈ అమ్మాయే."

ఆవిడ నా బుగ్గ నిమిరి, ఇంకొకడు కూడా పుడితే బాగుంటుంది, దేవుడిస్తాడులే అని దీవించి వెళ్ళిపోయారు. పాపం, ఆవిడకేం తెలుసు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో నేను ఆ రోజు అమ్మ ముఖంలో చూశాను. ఇంటికి వచ్చాక అమ్మ చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి నా గౌన్లు అందులో సర్దడం మొదలుపెట్టింది.

"నన్నూ దాన్నీ బందరు పంపించెయ్యండి. మీరు ఇక్కడ ఉద్యోగం చూసుకోండి. ఈ ఊళ్ళో నా కొడుకు పుట్టనే లేదు" అంది.

నాన్న గుమ్మంలోనే నిలబడిపోయారు. అడిగినవాళ్ళందరికీ చెప్పి, ప్రతిసారీ మొదటినుంచీ ఏడవాలా అని ఆయన గొణిగారు. అమ్మ సర్దుతూనే ఉంది. రైల్వేవాళ్ళకు ఉచిత పాసులుంటాయి కాబట్టి ప్రయాణానికి అడ్డం ఏమీ లేదు. కొన్నాళ్ళకు నాన్న మా ఇద్దరికీ పాసు రాయించి తెచ్చి కిటికీలో పెట్టారు. సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే రోజు దగ్గరికొస్తోంది, ఆ నాటికి అక్కడ ఉండాలని అమ్మ పట్టుదల. ఆ తర్వాత తిరిగి వచ్చేది లేదని నాకు కూడా తెలుసు. ఒక ఇల్లు రెండుగా చీలిపోతుంటే పెద్దవాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో అప్పుడే చూశాను. భోజనం పెడుతూ "ఇంకొంచెం వెయ్యనా" అని అడిగేది అమ్మ, "చాలు" అనేవారు నాన్న.

మా గోడకు ఆనుకున్న క్వార్టరులో ఒక పెద్దావిడ ఉండేది. ఆమె భర్తా కొడుకూ ఇద్దరూ వర్క్‌షాపులోనే పని. గల్లీ పిల్లలమంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె పుట్టిపెరిగిందంతా అక్కడే. మాట గట్టి, గొంతు ఇంకా గట్టి. అమ్మ ఆమెకు కాస్త భయపడి దూరంగానే ఉండేది. నాకు మాత్రం ఆమె దగ్గర ఒక చిక్కు లెక్క ఉండేది. ఎవరు అడిగినా తనకు అయిదుగురు పిల్లలని చెప్పేది. నేనెంత చూసినా ఆ ఇంటికి వచ్చిపోయే పిల్లలు నలుగురే.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంట్లోకి వచ్చి, కట్టిపెట్టిన సామాను చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏందమ్మా, ఊరికి వోతున్నవా? మల్ల ఎన్నడొస్తవ్?"

రానని చెప్పింది అమ్మ. ఎందుకని అడిగితే, అంతవరకు ఎవరికీ చెప్పని మాట ఆ భయపడే మనిషికే చెప్పేసింది. బందరులో బిడ్డను మట్టిలో వదిలి వచ్చానని, ఆ సమాధి దగ్గర ఎవరూ లేరని, ఇక్కడికి రావడమే తప్పయిందని. ఏడవకుండా చెప్పింది. అది ఏడ్చి చెప్పడంకంటే ఘోరంగా ఉంది.

మామూలుగా ఇలాంటప్పుడు అందరూ అనే మాటలుంటాయి. దేవుడి ఇష్టం అంటారు, అలవాటైపోతుందంటారు, మళ్ళీ పుడతాడంటారు. పెద్దమ్మ ఇవేమీ అనలేదు. కింద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"నాకు సుత ఒగడు పోయిండు బిడ్డ. రెండోటోడు. గప్పుడు సీతాఫల్‌మండి దిక్కు అంత ఖాళీ జాగనే. ఆడ్నే పెట్టినం. తర్వాత ఇండ్లు లేసినయ్. ఇయ్యాల పోయి సూస్తే ఏ ఇంటి కింద ఉన్నడో తెల్వది. నేను యాడికీ పోలే, ఈడనే ఉన్న. అయినా జాగ నాకు మిగల్లే. వాని పేరొక్కటే ఉన్నది నా తాన. అడిగినోళ్ళకు అయిదుగురనే చెప్త. పోయినోడు లెక్కలకెల్లి సుత పోవాల్నా?"

పెద్దమ్మ కాస్త ముందుకు వంగింది.

"నీ పిలగాని పేరేంది?"

ఆ ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మ పేరు చెప్పింది. చాలాకాలం వాడని గొంతులా బొంగురుగా వచ్చింది. పెద్దమ్మ తనూ ఒకసారి ఆ పేరు పలికి చూసుకుని, ఏం ఇష్టంగా తినేవాడని అడిగింది. బెల్లం వేసి ఉడికించిన గుమ్మడికాయ అని అమ్మ చెప్పింది. ఇంకా ఏవేవో అడిగింది. అమ్మ చెబుతూనే ఉంది, వాడు కాకిని ఎలా పిలిచేవాడో, నిద్రలో ఎవరి చెవి పట్టుకునేవాడో. వాడు పట్టుకునేది నా చెవి. నేను తలుపు వెనక నిలబడి ఆ చెవి తడుముకుంటూ ఏడ్చాను. పోయేముందు పెద్దమ్మ, వెళ్ళొద్దని గానీ ఉండమని గానీ అనలేదు.

"పోవాల్ననిపిస్తే పో బిడ్డ. జెర నిమ్మళంగ పో" అంది.

తర్వాత కొద్ది రోజులకే పెత్రమాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు అక్కడివాళ్ళు పోయినవాళ్ళ పేర చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి పంతులుకు ఇస్తారు, ఆయన ఒక్కొక్కరి పేరూ చదువుతాడు. మాకు ఆ పద్ధతి తెలియదు. మేము ప్రొటెస్టెంట్లం, పోయినవాళ్ళ పేర ప్రార్థన కూడా చేయకూడదంటారు మావాళ్ళు. ఆ సంగతి పెద్దమ్మకు తెలియదు.

నాన్న ఆఫీసుకు బయలుదేరుతుండగా ఆమె ఖాళీ చేటతో, స్నానం చేసిన తడి జుట్టుతో, ఎంతో సంబరంగా మా గుమ్మం ఎక్కింది.

"నీ కొడుకు పేరు సుత చదివిపిచ్చిన బిడ్డ! మా పెద్దోళ్ళ తోని కలిపి. గుమ్మడికాయ ముక్క వాని పేరు మీదనే పెట్టిన. గీ పిలగాడెవలని పంతులడిగిండు. మా ఇంటోడే అన్న."

నాన్న ముఖం పాలిపోయింది. చర్చి సంఘంలో తెలిస్తే ఏమవుతుందో నాకే తోచింది, ఆయనకు తోచకుండా ఉంటుందా. ఏదో అనబోయారు. ఈలోగా అమ్మ ఆ చేటతో సహా పెద్దమ్మను కావలించుకుని, గల్లీ అంతా వినిపించేలా బావురుమంది. బందరు వదిలాక అమ్మ గొంతెత్తి ఏడవడం అదే మొదలు. నాన్న చేతిలో సైకిలు తాళం చెవి పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. వర్క్‌షాపు సైరను మోగింది. ఆయన కదల్లేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో అమ్మ పేరు వచ్చింది, నా పేరు వచ్చింది. అక్కడ రోజూలాగే ఆగారు. నేను "ఆమెన్" కోసం చూస్తున్నాను. "నీవు మాకిచ్చిన కుమారుని బట్టి నీకు స్తోత్రము" అన్నారు నాన్న. తర్వాత తమ్ముడి పేరు అన్నారు. ఆ తర్వాత ఇంకేమీ అనలేకపోయారు. నేలమీదికి వంగిపోయి చిన్నపిల్లాడిలా వెక్కారు. అమ్మ జరిగి వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ రోజు మా ప్రార్థనకు ఆమెన్ లేదు.

అయినా మేము బందరు వెళ్ళాం, నేనూ అమ్మా. అక్కడ సమాధికి సున్నం వేశాం, కొవ్వొత్తులు వెలిగించాం. అమ్మ తన ఊళ్ళో అందరూ వాడి గురించి మాట్లాడతారని ఆశపడింది. కానీ వాడి మాట ఎత్తగానే మా అమ్మమ్మ అమ్మ నోరు మూయించేది, ఎంతకాలం తవ్వుకుంటావే అని. అత్తలు మాట మార్చేసేవారు. వాళ్ళకు ప్రేమ లేక కాదు, అమ్మ మళ్ళీ ఏడుస్తుందని భయం. కొన్నాళ్ళు చూసి, ఒక ఉదయం అమ్మ తనంతట తనే, వెళ్ళిపోదాం పద అంది. లాలాగూడ వచ్చాక ట్రంకులో బట్టలు అలమరలో పెట్టింది. పెడుతూనే ఏడ్చింది.

సికింద్రాబాదు అమ్మకు నచ్చిందని నేను అబద్ధం చెప్పను. కడదాకా నచ్చలేదు. నాన్న రిటైరయ్యాక బందరు వెళదామనుకున్నారు, ఆయన ముందే పోయారు. అమ్మ ముసలితనంలో మంచాన పడ్డాక కూడా నన్ను పట్టుకుని, బందరు ఎప్పుడు వెళ్తాం, వాడు ఒక్కడే ఉన్నాడే అని అడిగేది. వెళ్దామమ్మా అనేదాన్ని. తీసుకెళ్ళలేని స్థితి అని ఇద్దరికీ తెలుసు. అమ్మను ఇక్కడి మట్టిలోనే పెట్టాం. తల్లి ఒక ఊళ్ళో, బిడ్డ ఒక ఊళ్ళో. అది ఎన్నటికీ సర్దుకునేది కాదు.

ఇప్పుడు నేను సికింద్రాబాదులోనే కార్ఖానా అనే పేటలో ఉంటున్నాను. మా మేడమీద అద్దెకుండే అమ్మాయి ఈ ఊరికి రావడమే పొరపాటని, వెనక్కి పోదామని మొగుడితో రోజూ అంటుంది. చుట్టుపక్కలవాళ్ళు నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందని చెబుతారు. నేను ఆ మాట ఎవరికీ చెప్పను. పిలిచి కూర్చోబెట్టి, అక్కడ నీకెవరున్నారమ్మా, పేరేమిటి అని అడుగుతాను. తర్వాత వింటాను. పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది అంతే, అంతకంటే పెద్ద విద్య నాకు ఏదీ రాలేదు.

మీకు తోబుట్టువులెంతమంది అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఒక తమ్ముడు, బందరులో ఉంటాడు అంటాను. పేరు అడిగేవాళ్ళు తక్కువ. అడక్కపోయినా నేనే చెబుతాను. జయరాజు. మా తమ్ముడి పేరు జయరాజు.