ఊదితే కనిపించే తెలుపు

రంగుల షాపులో డబ్బాలు కలపడం ఆయన పని. ఎవరైనా తెలుపు కావాలంటే ఏ తెలుపని ఎదురడగడం అక్కడ అంటుకున్న జబ్బు. పాల తెలుపా, సున్నం తెలుపా, గుడ్డు పెంకు తెలుపా? ఆ జబ్బుతోనే చించిల్లాల క్లబ్బులో జడ్జి అయ్యాడు. కౌంటరు వెనక ఉన్నప్పుడు ఎవరూ గారు అనరు. పోటీల రోజు మాత్రం జడ్జిగారు.

చించిల్లా గురించి తెలియని వాళ్ళకు: ఎలక కన్నా బాగా పెద్దది, కుందేలు కన్నా చిన్నది, తోక ఉడతది, బొచ్చు మాత్రం ఇంకే జంతువుదీ కాదు, అంత ఒత్తు. నీళ్ళు పోస్తే జబ్బు చేస్తుంది, మెత్తటి దుమ్ములో పొర్లి శుభ్రమవుతుంది. వేడి అసలు పడదు. అందుకే జడ్జి ఇంట్లో వెనక గది ఏసీ ఏడాది పొడుగునా ఆడుతూనే ఉండేది. ఆ గది ఆయన భార్యది. పెంపకం ఆవిడది, తీర్పులు ఈయనవి.

క్లబ్బుకు కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేది తెలుపు దగ్గరే. తెల్లటి ఒంటి మీద అక్కడక్కడా బూడిద మచ్చలుంటే మొజాయిక్. మచ్చలు కట్టకుండా బూడిదను జల్లెడ పట్టినట్టు ఒళ్ళంతా సమానంగా ఉంటే సిల్వర్. తెలుపుతో పాటు లేత గోధుమ రంగు పుట్టుక కూడా కలిసి చెవులు గులాబీగా, కళ్ళు ఎర్రగా తేలితే పింక్ వైట్. ముప్పాతిక బూడిదగా కనిపించేదాన్ని చేతిలో పెట్టి కూడా ఇది తెలుపే అంటారు. ఎందుకంటే ఇక్కడ తెలుపంటే పైకి కనపడే రంగు కాదు, తల్లో తండ్రో ఇచ్చిన పుట్టుక. రెండు తెలుపుల్ని మాత్రం జత కట్టరు. ఇద్దరి దగ్గర్నుంచీ ఆ పుట్టుక అందుకున్న పిల్ల కడుపులోనే ఆగిపోతుంది. తెలుపుకు ఎప్పుడూ మామూలు బూడిదనే వెతుకుతారు.

ఆవిడ తమ్ముడు ఈ నియమం విన్న ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "మీ షాపులో రెండు తెలుపులు కలిపితే మూడో తెలుపొస్తుంది కదా బావా, వీటికేం రోగం?" బావ నవ్వేవాడు కాదు. అక్క నవ్వేది.

ఆవిడ చేతుల మీదుగా పుట్టిన ఆఖరి పిల్ల ఒక మగది. తల్లి సిల్వర్, తండ్రి బూడిద. పిల్ల బూడిదగానే పుట్టింది, తోక చివర కాసిని తెల్ల వెంట్రుకలు తప్ప. జడ్జి ఒక్క చూపు చూసి బూడిద అన్నాడు. ఆవిడ సిల్వర్ అంది. అన్నం దగ్గర అదే గొడవ, బట్టలు మడతపెట్టేటప్పుడు అదే గొడవ. తోక కొసను చూసి జాతకం చెప్పొద్దని ఆయన. బల్ల మీద అరనిమిషం చూసే మనిషికీ రోజూ ఒళ్ళో పెట్టుకునే మనిషికీ తేడా ఉండదా అని ఆవిడ. చివరికి ఆవిడే వాయిదా వేసింది. "ఓసారి బొచ్చు మారనివ్వండి. అప్పుడు ఊది చూసి మాట్లాడండి."

వీళ్ళు బొచ్చును వేళ్ళతో విడదీయరు, నోటితో ఊదుతారు. వెంట్రుకలు చుట్టూ విచ్చుకుని మొదళ్ళు కనిపిస్తాయి. బూడిదకు మొదళ్ళు పలక రంగులో ఉంటాయి. సిల్వర్‌కు తెల్లగా ఉంటాయి.

బొచ్చు మారకముందే ఆవిడ పోయింది. వంటగదిలో కుళాయి కట్టేసి స్టూలు మీద కూచుంది, మళ్ళీ లేవలేదు.

జడ్జి ఏడవలేదు. ఇలాంటి వాళ్ళను గుండె రాయి చేసుకున్నాడంటారు. రాయి చేసుకోవడానికి కూడా కొంత ఓపిక కావాలి, ఆయనకు అదీ లేదు. షాపుకొచ్చిన ఒక పెద్దమనిషి ఆవిడ ఎక్కడికీ పోలేదు, మీలోనే ఉంది అని భుజం తట్టాడు. జడ్జి శ్రద్ధగా విని, మీకు కావలసింది ఆయిల్ పెయింటా, వాటర్ పెయింటా అని అడిగాడు.

చేయవలసినదొక్కటే కనపడింది. జంతువుల్ని ఇచ్చేసి, ఏసీ కట్టేసి, ఆ గదికి తాళం వేయడం. బావమరిది తిరిగి తిరిగి ఒక్కొక్కదానికీ ఇల్లు చూసిపెట్టాడు. ఆఖరికి ఈ మగది మిగిలింది. దానికీ మనిషి దొరికింది. బేకరీ నడిపే ఆవిడ. ఆమె దగ్గర ఒక తెల్ల ఆడది ఉంది, జత పోయిన దగ్గర్నుంచీ తన బొచ్చు తనే కొరుక్కుంటోందట. బూడిద మగది కావాలి.

ఆమె బుట్ట పట్టుకుని వచ్చింది. చేతుల మీద పిండి ఇంకా పూర్తిగా పోలేదు. జడ్జిగారు బూడిద అంటే ఇంకేం చూడనక్కర్లేదండీ అంది. బావమరిది అప్పటికే పంజరం తలుపు తీశాడు.

జడ్జి దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు. అలవాటు కొద్దీ మెడ దగ్గర ఊదాడు. పలక రంగు. వీపు మీద ఊదాడు. పలక రంగే. తోకకు పైన, కొత్త బొచ్చు అప్పుడే దిగిన చోట ఊదాడు. మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇంకోసారి ఊదాడు. తెల్లగానే ఉన్నాయి.

"బూడిదేగా బావా?"

ఆ మొదళ్ళు ఆయన ఒక్కడికే కనిపించాయి. ఔనంటే బుట్ట నిండుతుంది, గది ఖాళీ అవుతుంది.

"సిల్వర్," అన్నాడు జడ్జి. "మీ దానికి పనికిరాదండీ."

"నాకు బూడిదగానే కనపడుతోందండీ."

"కనపడుతుంది. పిల్లలు నిలబడవు."

ఆమె ఖాళీ బుట్టతో వెళ్ళింది. గేటు దాకా సాగనంపి వచ్చిన బావమరిది గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్క ఉన్నన్నాళ్ళూ తనతో పోట్లాడి, ఇప్పుడు ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నావేం బావా అన్నాడు.

"ఒప్పుకోలేదు. చూశాను."

దీన్ని నిజాయితీ అనో, ప్రేమ అనో రాసేవాళ్ళు రాసుకోవచ్చు. పాల తెలుపు అడిగినవాడికి సున్నం తెలుపు కట్టివ్వలేని మనిషి, అంతకు మించి ఆ మధ్యాహ్నం ఆయనలో ఏమీ జరగలేదు. జరుగుతుందేమోనని కాసేపు చూశాడట కూడా. గొడవలో ఆవిడ గెలిచింది కదా, ఎక్కడైనా కలుక్కుమంటుందేమోనని. అననే లేదు.

గిన్నెలో దుమ్ము పోసి పంజరంలో పెట్టాడు. అది దూకి, రెండు పొర్లు పొర్లి, ఆయన ప్యాంటు మీద ఇంత దుమ్ము కొట్టింది. దులుపుకోలేదు. బావమరిది వెళుతూ అడిగాడు. "మరి ఏసీ?"

"ఉండనీ."

గదిలో చలిగా ఉంది. స్వెట్టర్ తెచ్చుకుని, తొడుక్కుని, కుర్చీలో కూచున్నాడు.