కుర్చీ మీద మూట

మా వదిన దర్జీ. పాత బట్టలు సరిచేయడంలో ఆమెకి తిరుగులేదు. అదే కొట్లో ఓ మూల ఇస్త్రీ బల్ల నాది. మా ఇద్దరి మధ్య ఒకే ఒక్క కుర్చీ, దాని మీద ఎప్పుడూ కుట్టాల్సిన బట్టల మూట. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడాలి. కట్టుకున్న మొగుడు, అంటే మా అన్న వచ్చినా ఆ మూట కదలదు.

ఈవిడకి రాతల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో గానీ, కత్తెర పక్కన ఫోను పెట్టుకుని ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసేది. మోచేతి దగ్గర అరిగిన చొక్కాని చూసి, ఆ మనిషి ఆఫీసులో ఎలా కూర్చుంటాడో చెప్పేది. మా చుట్టాలైతే చదవకముందే బొటనవేలు బొమ్మ పెట్టేవారు.

ఒకరోజు వాళ్ళ నాన్న గురించి రాసింది. ఆయనా దర్జీయే. ఆఖరుగా కుడుతున్న కోటుకి ఒక చెయ్యి అతికి, రెండోది అతక్కుండానే పోయాడు. ఆ కోటు ఇప్పటికీ మా కొట్లో కొక్కేనికి వేలాడుతోంది. అది చదువుతూ నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. ఆ రాత కింద మొట్టమొదటి మాట వీధి చివర మందులషాపాయనది: "అక్కా, నా ప్యాంటు అయిందా?" ఆయన్ని చూసి ఇంకొకావిడ తన గౌను సంగతి అడిగింది. ఇక వరసపెట్టి అందరూ తగులుకున్నారు.

వదినకి ఒళ్ళు మండింది. ఆ కోపంతో ఇన్‌స్టాకి వెళ్ళింది. అక్కడ ఫొటో లేనిదే పూట గడవదు. కోటు ఫొటో పెడితే గుండె బొమ్మలు కురిశాయి గానీ, కింద రాసింది ఎవరూ చదివిన జాడ లేదు. పొట్టి పొట్టి మాటలే రాసే ఇంకో చోటు చూసింది. అక్కడ కథని ముక్కలు చేసి పెట్టాలి.

"గుడ్డని కత్తిరిస్తాను గానీ మా నాన్నని కత్తిరించను" అని అదీ మూసేసింది.

చివరికి వాళ్ళ చెల్లెలు బ్లాగు తెరిచి ఇచ్చింది. ఆ పిల్ల ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది, అన్నీ విడమరిచి చెబుతుంది. ఫేస్‌బుక్ సంత లాంటిదట, జనం తిరుగుతూనే ఉంటారు. బ్లాగు సొంత గది, పనిగట్టుకుని వచ్చినవాళ్ళే వస్తారు. కింద కొట్టు చిరునామా కూడా పెట్టింది. వదినకి మాత్రం అందులో చిత్తుప్రతి దాచుకునే వీలు తెగ నచ్చింది. కోటుని ఆమె ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, ఒంటికి తొడిగి చూసి, విప్పి, మళ్ళీ గట్టిగా కుడుతుంది. నాన్న కథనీ అలాగే కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది.

తీరా పెడితే పురుగు కూడా తొంగిచూడలేదు. అడవిగాచిన వెన్నెలైంది, మళ్ళీ సంతకే పోదామన్నాను. ఆమె మొహం చిన్నబోయింది, పట్టు మాత్రం సడల్లేదు. చలికాలపు కోట్ల పని ముగిసేలోగా ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కరు చదివి ఒక్క మాట చెప్పకపోతే ఇక జన్మలో రాయనని తేల్చేసింది. అన్నదంటే చేసే మనిషి. కోట్లు ఒక్కొక్కటే తరిగిపోతుంటే నాకు దిగులు పట్టుకుంది. ఆఖరి కోటు నా బల్ల మీదికి వచ్చాక, పెట్టె కాగలేదని ఒకసారి, నీళ్ళు లేవని ఒకసారి సాగదీశాను.

అదింకా బల్ల మీద ఉండగానే ఒకావిడ వచ్చింది. చేతిలో సంచీ లేదు. వదిన అలవాటుగా మెడలోని టేపు తీసి, కొలతలివ్వడానికా అని అడిగింది.

"బట్టలేమీ తేలేదండీ" అందావిడ. "కోటుకి చెయ్యి అతకడం ఎలాగో నెట్‌లో వెతుకుతుంటే మీ నాన్నగారి కథ దొరికింది. అతకడం అందులో లేదు. అయినా రెండుసార్లు చదివాను. ఆ రెండో చెయ్యి మీరు కుట్టారా, లేదా? అది తెలుసుకుందామనే వచ్చాను."

వదిన కళ్ళు నిండాయి. కుర్చీ మీది మూట ఎత్తి తెచ్చి నా బల్ల మీద పడేసింది. కొంగుతో కుర్చీ తుడిచి ఆవిడని కూర్చోబెట్టింది. ఇంకా ఒంటి చేత్తోనే ఉన్న నాన్న కోటు కొక్కెం నుంచి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మందులషాపాయన. "అక్కా, నా ప్యాంటు..."

"రేపు రా అన్నా" అంది వదిన, వెనక్కి తిరగకుండానే. "ఇవాళ నన్ను చదివినావిడ వచ్చింది."

ఆ గొంతులో అంత ధీమా నేనెప్పుడూ వినలేదు. నా గుండె పొంగిపోయింది. మూట పక్కకి నెట్టి, ఆఖరి కోటు ఇస్త్రీ మొదలుపెట్టాను. ఇక దాన్ని సాగదీయాల్సిన పని లేదు.