జల్లెడతో వచ్చిన డ్రైవర్

పక్క విల్లా డ్రైవర్ ఉద్యోగం మా గేటు దగ్గర ఇసుకలో పడి ఉందని నాకు తెలియదు. తెలియక మూడు రోజులు అతన్ని దొంగను చూసినట్టే చూశాను.

ఈ ఎడారి దేశంలో మేముండే అల్ వుకైర్‌లో చలికాలం గాలి లేచిందంటే గేటు నుంచి గుమ్మం దాకా టైల్స్ దారి కనపడదు. ఆ ఆదివారం సాయంత్రం గాలి తగ్గాక పార తీసుకుని సగం దారి ఎత్తిపోశాను. నడుం పట్టేసింది. మిగతాది రేపు చూద్దామని వదిలేశాను.

తెల్లారేసరికి మిగతా సగం శుభ్రంగా ఉంది. మా గేటు గడియ సరిగా పడదు. ఆ డ్రైవర్ లోపలికొచ్చి, గొంతుక్కూర్చుని పిండి జల్లెడతో ఇసుక జల్లిస్తున్నాడు. కడప వైపు మనిషి.

"నీకెందుకయ్యా ఈ శ్రమ?"

"ఊరికేనే సార్. అమ్మ జారి పడ్తుందేమోనని."

వాళ్ల గేటు ముందు మాత్రం చీలమండల లోతు ఇసుక అలాగే ఉంది. అడక్కుండా పని చేసిపెట్టేవాణ్ణి ముందు అనుమానించమని పత్రికలో పనిచేసిన రోజుల్లో నాకు నేర్పారు.

"మంచివాడండీ. ఎదుటివాళ్లలో మంచి కనిపిస్తే మీకు కళ్లు మండుతాయి," అంది మా ఆవిడ.

"మంచివాడికి జల్లెడెందుకు?"

"మీరూ ఓ జల్లెడ పట్టుకెళ్లి పక్కన కూర్చోండి, తెలుస్తుంది."

మూడో రోజు నేను గోడవార పోసిన ఇసుక కుప్పనే తిరగేస్తున్నాడు. అతనికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ కుటుంబమంతా ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంది. గురువారం తిరిగొస్తారు. ఇక ఆగలేక అన్నాను:

"రేపు మీ కఫీల్ వస్తే ఓ మాట చెప్పాలి."

జల్లెడ కింద పెట్టేశాడు.

"చెప్పొద్దు సార్. బండి తాళం పోయింది. ఆ పొద్దు గాలికి బండి మీది గుడ్డ ఎగిరొచ్చి మీ గేటుకు చుట్టుకునింది. లాక్కుంటా ఉంటే జేబులోంచి జారినట్టుంది. రేపు ఆయప్ప వాళ్లమ్మను క్యాంప్ నుంచి తెచ్చేకి పోవల్ల. తాళం లేదంటే ఖల్లాస్, ఊరికి పంపిస్తాడు."

"మొదటే అడగొచ్చుగా?"

"మీరు పేపరాయన గదా సార్. మీకు చెప్తే ఊరంతా చాటినట్టేనని మావోళ్లన్నారు."

వెనక మా ఆవిడ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "ఏవండీ, ఆ రోజు ఎత్తిన ఇసుకంతా గోడవారే పోశారా?" అంది.

లేదు. మొక్క వేళ్ల దగ్గర నీరు నిలవకుండా ఉంటుందని ఎవరో చెబితే, మొదటి రెండు పారలు ఆమె కరివేపాకు తొట్టిలో పోశాను. అప్పుడు చీవాట్లు కూడా తిన్నాను. ఇప్పుడు ఆ తొట్టిలో చెయ్యి పెట్టాను. రెండు వేళ్ల లోతులో తాళం తగిలింది.

అతను దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు. నవ్వలేదు. తొట్టిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"తొట్లోకి యెట్లొచ్చింది సార్?"

"నేనే పోశాను. చూసుకోలేదు."

"ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' నాకు బాగా తెలుసు. నేను నమ్మని ప్రతి మనిషి ముందూ అలాగే అనేవాణ్ణి.

మళ్లీ గాలి వచ్చిన మర్నాడు అతను వాళ్ల గేటు ముందు ఊడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా మా గోడ దగ్గర ఆగిపోయాడు. నేను పార తీసుకున్నాను. ప్రతి పారా వేళ్లతో కెలికి చూసుకుని మరీ పోశాను. చీపురు పట్టుకుని అతను అటునుంచి చూస్తూనే ఉన్నాడు.