మెడ తిప్పే ముందు అడగాలి

కాదండీ, ఆ యాప్‌లో సున్నా ఇచ్చే వీల్లేదు కాబట్టే ఆ సెలూన్‌కి ఒక్క స్టార్ ఇచ్చాను. నా రివ్యూ కింద "కటింగ్ బాగానే ఉందిగా, మెడ నొప్పికి స్టైలిస్టుని తిడితే ఎలా" అని రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఈ జవాబు మీకే. కటింగ్ బాగానే ఉంది. చెవుల పక్కన గీత గీసినట్టుంది. ఆ అందమైన కటింగ్‌తోనే మా నాన్న మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోలేక తొడ మీద ఒంపుకున్నాడు.

మా నాన్న టైలరు. గుణదలలో మా ఇంటి ముందుగదే ఆయన షాపు. చర్చి పెళ్లిళ్లకి పెళ్లికొడుకుల కోట్లు కుడతాడు. మందపాటి కోటు గుడ్డ మీద సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఆగకుండా కోసుకుపోతుంటే ఆ చప్పుడు వింటూ పెరిగాను. మా తిండి, నా చదువు, ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ ఫోను, అన్నీ ఆ కుడిచెయ్యి తెచ్చినవే. ఆ పొద్దున ఆ చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా తిమ్మిరెక్కి, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది.

"మెడకేమైనా దెబ్బ తగిలిందా?" అని డాక్టరు అడిగాడు.

"లేదండీ," అన్నాడు నాన్న.

స్కానింగ్ చూసి, మెడలో డిస్కు పక్కకి జరిగి చేతి నరాన్ని నొక్కుతోందన్నాడు. మెడకి పట్టీ వేశాడు. చెయ్యి మళ్లీ మామూలవుతుందా అని అడిగితే, చూద్దాం అన్నాడు. చూద్దాం అంట! గన్నవరం పెళ్లివాళ్ల కోటు సగం కోసి బల్ల మీద ఉంది.

బయట బెంచీ మీద కూర్చుని, ఎవరి మీద అరవాలో తెలియక ఫోన్లో రీల్స్ తోసుకుంటూ పోతున్నాను. ఉన్నట్టుండి అందులో నాన్న మొహం. మా రోడ్డు చివర కొత్తగా వచ్చిన ఏసీ సెలూన్ వాళ్లు పెట్టిన రీల్ అది. మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టి ఉంది. స్టైలిస్టు నాన్న తల మీద టపటపా బాదాడు. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి ఒక్కసారి పక్కకి తిప్పాడు. టక్! తర్వాత రెండో పక్క. టక్! ఆ చప్పుడు పెద్దది చేసి, పాట కలిపి, మళ్లీ మళ్లీ వేశారు. కింద జనం పెట్టిన నవ్వు బొమ్మలు. నాన్న కళ్లు బిగించి మూసుకుని ఉన్నాడు. ఆ మొహం నాకు తెలుసు. మిషను సూది గోట్లో దిగిన రోజున పెట్టిన మొహం అది.

నాన్నని ఇంట్లో దింపి, స్కూటీ నేరుగా సెలూన్‌కి పోనిచ్చాను.

"మేడమ్, ఇది జెంట్స్ సెలూనండీ," అన్నాడు రీల్‌లో ఉన్న ఆ స్టైలిస్టు. నా వయసే ఉంటుంది. జుట్టుకి రాగి రంగు, చేతి మీద కత్తెర టాటూ.

"బోర్డు చదవడం వచ్చులే. ఇదెవరు?" ఫోను వాడి ముక్కుకి ఆనించాను.

"ఓ, అంకులా! మీ డాడీనా అక్కా? సూపర్ ఎక్స్‌ప్రెషన్. మన పేజీలో బాగా పోయింది ఈ రీల్."

"మెడ తిప్పమని ఆయన అడిగాడా?"

"అడిగేదేముందక్కా, కటింగ్‌తో ఫ్రీ. అందరికీ చేస్తాం. ఇంతవరకు ఎవరూ వద్దన్లేదు."

ఆ 'ఫ్రీ' అన్న మాట దగ్గర నాకు కళ్లు బైర్లు కమ్మాయి. వీడియోలకి పెట్టుకున్న రింగ్ లైట్ స్టాండుని కాలితో తన్నాను. అది అద్దం మీద పడి, దానికున్న వాడి ఫోను నేల మీద పగిలింది. వాడు ఫోను కోసం వంగబోతుంటే చొక్కా పట్టి వాడి కుర్చీలోకే తోశాను. వెనక నిలబడి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేశాను. రీల్‌లో ఎలా ఉందో అలాగే.

"అక్కా, వద్దు! వద్దక్కా! నరం పట్టేస్తది!"

"తెలుసన్నమాట! మరి మా నాన్నకి నరాలుండవనుకున్నావురా?"

నా వేళ్ల కింద వాడి గొంతు టకటకా కొట్టుకుంటోంది. పక్క కుర్చీలో మొహం నిండా నురగతో ఉన్నాయన, "అమ్మాయ్, వదిలెయ్యమ్మా, పోతాడు," అన్నాడు.

"రోజూ వీడు చేసేది ఇదేనండీ. మీ వంతు వచ్చేదాకా కూర్చుంటారా?"

ఆయన చెయ్యి ఆయన మెడ మీదకి పోయింది.

ఓనరు పోలీసుల్ని పిలుస్తానని అరిచాడు. పిలవండి, రీల్ నా దగ్గరుంది అని నేనూ అరిచాను. అప్పుడొచ్చాడు నాన్న. మా పక్కింటాయన చెబితే ఆటోలో వచ్చాడట. మెడకి పట్టీ, చొక్కాకి గుండీలు ఒకటి తప్పి ఒకటి. జీవితమంతా ఊళ్లోవాళ్ల గుండీలు సరిచేసిన మనిషి.

"వదులమ్మా," అన్నాడు.

వదిలేశాను. అప్పుడు మా నాన్న, ఎడం చేత్తో కుడిచెయ్యి పట్టుకుని, వాడితో ఏమన్నాడో తెలుసా? "పిల్లకి కోపం ఎక్కువ బాబూ, ఏమనుకోకు."

ఇంటికొచ్చాక నాన్న మీదే విరుచుకుపడ్డాను. "మొదటి పక్క తిప్పినప్పుడే నొప్పెట్టింది కదా! రెండో పక్క ఎందుకిచ్చావు నాన్నా?"

"కుర్రాడు ముచ్చటపడి వీడియో తీసుకుంటున్నాడే. మధ్యలో వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని."

మొహమాటం! నొప్పిలో కూడా మొహమాటం. నేను వెళ్లే పార్లరులో అమ్మాయి జుట్టు తడిపేటప్పుడు నీళ్లు వేడిగా ఉన్నాయా అని అడుగుతుంది. చిక్కు తీసేటప్పుడు నొప్పా అని అడుగుతుంది. నేను లేదన్నా సరే, అద్దంలో నా మొహం చూస్తుంది. నాకు తెలిసిన మంచి స్టైలిస్టు అదీ. క్రాఫు కొట్టడం వీడియోలు చూసి ఎవడైనా నేర్చుకుంటాడు. గుడ్డ కట్టేసి, పీకకి కత్తి ఆనించి, తల చేతుల్లోకి తీసుకున్నాక ఆ కుర్చీలో మనిషి వద్దనలేడు. అనలేడని వాడికి తెలియాలి. ఇంతవరకు ఎవరూ వద్దన్లేదని వాడు గర్వంగా చెబుతున్నాడంటే, వాడు ఎవరి మొహమూ చూడలేదనే అర్థం.

రీల్ తీసేశారు. కోటు గుడ్డ గన్నవరం వాళ్లు పట్టుకుపోయారు. నాన్న మిషను ముందు కూర్చుని ఎడం చేత్తో సూదిలో దారం ఎక్కించాలని చూస్తున్నాడు. నేను వెళ్తే కసురుతున్నాడు. కత్తెర మాత్రం ఇంకా లేవడం లేదు.

ఇదంతా విని మా చుట్టాలు కూడా, ఆడపిల్లవి, మర్యాదగా అడగాల్సింది అంటున్నారు. మర్యాదగా ఉన్నవాళ్లకి ఏమవుతుందో మా నాన్నని చూస్తే తెలుస్తుంది. కాబట్టి పెద్దమనిషీ, మీరూ ఓసారి ఆ కుర్చీలో కూర్చుని, మెడ వాడి చేతికిచ్చి వచ్చి, అప్పుడు చెప్పండి: వాడి తల వదిలిపెట్టడం తప్ప నేను చేసిన తప్పేంటి?