బిగించిన మూత

మొన్న మనవరాలి కారులో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బంకువాడు ట్యాంకు మూత తిప్పగానే 'బుస్' మంటూ గాలి చప్పుడు, వెనకే పెట్రోలు వాసన. మనవరాలు ముక్కు మూసుకుంది. నా అరచేతులకు మాత్రం చెమట పట్టింది. ముసలిదాన్నయ్యాను, అయినా ఆ చప్పుడు వింటే చాలు, ఆబిడ్స్ రోడ్డు మీద ప్రాణం మీదికొచ్చిన గర్భిణి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నర్సునైపోతాను.

హైదరాబాదు ఇండియాలో కలిసిన తరువాతి రోజులవి. నాంపల్లి స్టేషను దగ్గరి సందులో డాక్టర్ మార్తమ్మగారి చిన్న కాన్పుల దవాఖానలో కొత్తగా చేరాను. ఆవిడది మెదక్, మిషను బళ్లో చదువుకున్న మనిషి. నాది పుట్టుపిరికితనం. రక్తం చూసినా తట్టుకునేదాన్ని గాని, పెద్దవాళ్ల మొహంలో కంగారు చూస్తే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఆవిడ మొహంలో అది కనబడేది కాదు, అందుకే ఆవిడ పక్కన బతికిపోయాను. ఒకసారి ఓ బాలింతకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా. కొత్తగ ఏం జేసినం?" కొత్తగా చేసిందల్లా దుప్పట్లు వేరే సబ్బుతో ఉతికించడం. దుప్పటి మార్చాం, దద్దుర్లు తగ్గాయి.

ఆవిడ కారు ఏ దొరవారో వాడి వదిలేసిన పాతబండి. లోపల పెట్రోలు కంపు. గర్భిణులు ఎక్కీ ఎక్కకముందే వాంతులు, కడుక్కునే భాగ్యం నాది. ఇంజను బాగుచేయించేటప్పుడు ఈ వాసన కూడా రాకుండా చూడమని మేస్త్రీ మస్తాన్‌కు డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. బండి తిరిగొచ్చాక వాసన మాయం. కానీ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. మస్తాన్ వచ్చి, ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలుందని చూసుకుని, ఇంజనంతా తడిమేవాడు. బండి కదిలేది, రోగం మాత్రం దొరికేది కాదు. చివరికి దిష్టి తగిలిందని ముందర నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిపోయాడు. ఆదివారం చర్చికి వెళ్లే కారుకు అవి ఊగుతుంటే నాకు నవ్వాగేది కాదు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మండుటెండలో లచ్చమ్మ అనే కూలిమనిషి నొప్పులతో వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. కడుపు కోసి తీయడం మా దగ్గర కుదరదు, అఫ్జల్‌గంజ్‌లోని పెద్ద దవాఖానకు చేర్చాలి. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ నా చెవిలో చెప్పి, తనే బండి తీశారు. లచ్చమ్మ భర్త కొమురయ్య ముందు కూర్చున్నాడు, నేను వెనక. ఆబిడ్స్‌లో బండి రెండు గుంజులు గుంజి ఆగిపోయింది. కొమురయ్య దిగి ముందు నుంచి ఇంజను హ్యాండిలు తిప్పాడు, తోశాడు, లాభం లేకపోయింది. జట్కా ఎక్కిద్దామంటే ఆ కుదుపులకు ఆమె ఆగదు. లచ్చమ్మ మూలగడం మానేసింది. అంతవరకూ ఆ మూలుగే నాకు ధైర్యం. ఆమె చేతులు చల్లబడుతున్నాయి. ఇక నా ఒళ్లోనే పోతుందనుకున్నాను.

"అక్కా, బండెందుకాగింది? ఇగ ఇంతేనా?" అంది లచ్చమ్మ. నేను ఆమె మొహం మీద చెమట తుడిచాను.

డాక్టరమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి కదలకుండా నిలబడ్డారు. ప్రార్థన చేస్తున్నారేమో అనుకున్నాను. "కొత్తగ ఏం జేసినం?" అని తనలో తను అనుకోవడం వినబడింది. ఉన్నట్టుండి వెనక్కి నడిచి ట్యాంకు మూత తిప్పారు. 'బుస్' మంది. మూత లోపల సైకిలు ట్యూబు కోసి బిగించిన రబ్బరు ముక్క, మూతకుండే సన్నని రంధ్రాన్ని కూడా కప్పేసి ఉంది.

"గాలి లోపలికి పోకుంటే పెట్రోలు ఎట్ల దిగుతది? మస్తాన్ పుల్ల వెట్టనీకి మూత తీసిండు, గందుకే నడిచింది," అన్నారు. ఆ రబ్బరు పీకి పారేస్తూ, "వాసన రావద్దని నేను చెప్పి మూయించిన ముక్కు ఇది, సుశీలా," అన్నారు.

కొమురయ్య మళ్లీ హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. కారంతా పెట్రోలు కంపు. మొజంజాహీ మార్కెట్ పళ్లబండ్లు పక్కనుంచి వెళ్లిపోతుంటే, మళ్లీ ఎక్కడ ఆగుతుందోనని ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాను. ఆగలేదు.

లచ్చమ్మ బతికింది, బిడ్డా దక్కింది. ఆ కబురు విన్నాక డాక్టరమ్మ వరండాలో కూలబడి మంచినీళ్లు అడిగారు. గ్లాసు పళ్లకు కొట్టుకుని చప్పుడైంది.

"నా కాళ్లు చూడు, వణుకుతున్నయి. బండి ఆగినప్పటి సంది గిట్లనే ఉన్నయి," అన్నారు.

ఇన్నాళ్లూ నేను ఆనుకున్న గోడ కూడా వణుకుతుందని తెలిసి ముందు హడలిపోయాను. తరువాత ఎందుకో ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ కలిగింది. ఆ పైన బతుకంతా కాన్పుగదుల్లోనే గడిపాను. భయం నన్ను వదల్లేదు, కాళ్లు వణుకుతుండగానే ఆవిడ ప్రశ్న అడగడం మాత్రం అలవాటైంది.

పెట్రోలు వాసన రాకుండా కారు అద్దం ఎక్కించనా అని మనవరాలు అడిగింది. వద్దన్నాను. ఆ వాసన వస్తున్నంతసేపూ బండి ఆగదని, లచ్చమ్మ బతుకుతుందని నాకు నమ్మకం.