అంతా మనోళ్లే

నా చిన్నప్పుడు హోటలు బయట తినడానికి ఎవరూ పోటీ పడేవారు కాదు. ఇప్పుడు చూడండి, బెంగుళూరులో మా మనవరాలు నన్ను తీసుకుపోయే హోటళ్లలో లోపల కుర్చీలు ఖాళీగా ఉంటాయి. జనం మాత్రం పేరు రాయించుకుని మరీ ఫుట్‌పాత్ మీద వేసిన బల్లల కోసం కాచుకుంటారు. గొడుగు కింద, పూలకుండీ పక్కన, వచ్చేపోయే బండ్ల పొగ పీలుస్తూ తింటే రుచి పెరుగుతుందట. నేను నవ్వుకుంటాను గానీ ఏమీ అనను. బయట తినడంలో మా ఇంటికి ఉన్నంత అనుభవం వాళ్లలో ఒక్కరికీ లేదు.

మాది కర్ణాటక సరిహద్దులో చిలమత్తూరు పక్క ఒక పల్లె. ఊరికంతటికీ ఒకటే హోటలు, గడ్డి కప్పిన కొట్టం. లోపల రెండు బెంచీలు. ఆ బెంచీలు మా కులంవాళ్లకు కాదు. మేము బయట చూరు కింద గొంతుక్కూర్చుని తినాలి. మా గ్లాసులు వేరు, అవి చూరులో దోపి ఉండేవి. తాగినాక మేమే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. నీళ్లు కావాలంటే దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. చదువు నాకు ఐదో తరగతి దాటి అబ్బలేదు గానీ ఈ విద్యలో మాత్రం ఊర్లో నాకు సాటి లేదు. చెంబెడు నీళ్లు పోసినా ఒక్క చుక్క మోచేతికి జారనిచ్చేవాణ్ణి కాదు. ఇదంతా కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. నడక వచ్చినట్టే వచ్చేసింది. లోపల తినేవాళ్లు వాళ్లు, బయట తినేవాళ్లు మనవాళ్లు. నాకు తెలిసిన లోకం అంతే.

వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. శెనక్కాయ విత్తనం భూమిలోనే వేగిపోయింది. మా నాయన బెంగుళూరుకు బేల్దారి పనికి, ఇళ్లు కట్టే పనికి, పోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఏడ్చి, పొర్లి, ఒక పూట అన్నం మానేసి ఆయన వెంట బస్సెక్కాను. పట్నంలో నోరు మూసుకుని ఉండమని మా అమ్మ ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది. పాపం, సరిగ్గా నాకు చేతకాని పనే అడిగింది.

పొద్దున్నే దిగి, మా నాయన పనిచేసే పేటకు నడిచాము. ఒక వీధి మూల మీద హోటలు కనబడింది. దాన్ని చూసి నా కాళ్లు ఆగిపోయాయి. హోటలు ముందర, రోడ్డు వారన, ఛాతీ ఎత్తు బల్లల చుట్టూ జనం నిలబడి తింటున్నారు. టై కట్టుకున్న ఆఫీసరు ఒకాయన, చేతిసంచీ తగిలించుకున్న టీచరమ్మలాంటి ఆమె, బూట్లు మెరిసిపోతున్న పోలీసాయన, అందరూ బయటే. లోపల వంట తప్ప కూర్చునే చోటే లేని హోటలు ఒకటి ఉంటుందని నాకేం తెలుసు? పోలీసును కూడా బయట నిలబెట్టాడంటే ఈ హోటలాయన ఎంత మొండివాడో అని ముందు భయమేసింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టి ఒళ్లు జల్లుమంది. మా నాయన పంచె పట్టుకుని లాగాను.

"నాయనా, ఈళ్లంతా మనోళ్లేనా?"

మా నాయన నవ్వలేదు. నన్ను చూశాడు, ఆ జనాన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఔ రా. అంతా మనోళ్లే."

"పోలీసాయన కూడానా?"

"ఆయప్ప కూడా. గమ్మున రా."

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మనవాళ్లలో ఇంతమంది బూట్లవాళ్లు ఉన్నారని మా ఊర్లో ఒక్కరూ చెప్పలేదే అని ఊరి మీద కోపం కూడా వచ్చింది. మా నాయన ఇడ్లీ ప్లేట్లు రెండు పట్టుకొచ్చాడు. తెచ్చి బల్లల వైపు రాలేదు, పక్కనున్న మురికినీళ్ల మోరీ గట్టు వైపు తిరిగాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఇటు లాగాను. "యాడికి పోతాండావు నాయనా? మనోళ్లే గదా, ఈడ నిలబడదాం రా" అన్నాను. ఆయన కదల్లేదు. ఆ క్షణంలో ఆయన ఎంత ఇరుకున పడ్డాడో నాకు చాలా ఏళ్ల తరువాత గానీ అర్థం కాలేదు. ఎవరైనా ఏ ఊరు, ఎవరివాళ్లు అని అడిగి, అవతలికి పొమ్మంటే కొడుకు కళ్ల ముందర పోవాలి. గట్టు మీద కూర్చుంటే తన మాట తానే అబద్ధం చేసుకోవాలి. ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. ప్లేటు పెడుతుంటే అది బల్ల మీద గలగలలాడింది.

ఆ బల్ల దగ్గర పల్చటి తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన ఒకరు పేపరు చదువుకుంటూ తింటున్నారు. ఆయన జగ్గు ఎత్తి గ్లాసులో నీళ్లు పోసుకోబోయారు. నీళ్లు వంచే చెయ్యి కనబడగానే నా రెండు చేతులూ వాటంతట అవే దోసిలి పట్టాయి. ఆయన ఆగి, ఆ దోసిలిని వింతగా చూశారు. గ్లాసు నిండా నీళ్లు పోసి, ఆ గ్లాసును తెచ్చి నా దోసిట్లో పెట్టారు. కన్నడంలో "పట్టుకో" అన్నారు. అలా వంగినప్పుడే పల్చటి చొక్కాలోంచి కనబడింది, అడ్డంగా జంధ్యం. అటువంటిది నేను మా ఊరి గుడి పూజారి ఒంటి మీద తప్ప ఎక్కడా చూడలేదు.

గ్లాసు విసిరేసి పరిగెత్తాలనిపించింది. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు కొడతారు, పోలీసాయన కూడా పక్కనే ఉన్నాడు అని కళ్లు మూసుకున్నాను. ఎవరూ అరవలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన పేపరు తిప్పుకుంటున్నారు. నా గ్లాసు నా చేతుల్లోనే ఉంది, ఒక చుక్క కూడా ఒలకలేదు.

"తిను రా, సల్లారిపోతాది" అన్నాడు మా నాయన, బల్ల మీద నుంచి తల ఎత్తకుండా.

ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకొకటి తగిలింది. బల్లలు తుడిచే అవ్వ వచ్చింది. సరిహద్దు అవతలి బాగేపల్లి పక్కామె, తెలుగే మాట్లాడుతుంది. మా నాయనను చూసి బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఏమప్పా, ఈ పొద్దు బల్లకాడికి వచ్చినావే. దినామూ ఆ మోరీ గట్టు మింద కూచ్చొని తింటాంటివి. ఈడికి రా అంటే ఇనకపోతివి. కొడుకొచ్చేసరికి దొరవైపోతివా?"

మా నాయన ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. ముసలాయన జంధ్యం కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా అదరగొట్టింది. మా ఊర్లో మమ్మల్ని బయట కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారు. ఇక్కడ మా నాయనను ఆ మోరీ గట్టు మీదికి ఎవరు పంపారు? చుట్టూ చూశాను. ఎవరూ లేరు. రెండేళ్లుగా ఆయనే ప్లేటు పట్టుకుని, ఆయనే పక్కకు పోయి, మురికినీళ్ల వాసనలో తిని వస్తున్నాడు. మా ఊరి హోటలు బస్సు టికెట్టు కూడా కొనకుండా ఆయనతో పాటు బెంగుళూరు వచ్చేసింది.

పనికి నడుస్తూ, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. ఆయన నడక ఆపకుండానే జవాబిచ్చాడు.

"నువ్వు అట్ల అడిగేసరికి నా నోట్లో ఇంగో మాట రాలేదు రా. చెప్పినాక ఏం జేసేది, నిలబడక తప్పలేదు."

"భయమేయలేదా?"

"కాళ్లు వణికినాయి. పంచె కట్టింటి కాబట్టి నీకు కనబడలేదు."

ఊరికి తిరిగి వచ్చాక మా నాయన మా ఊరి హోటల్లోకి దర్జాగా నడిచి లోపలి బెంచీ మీద కూర్చున్నాడని చెప్పాలని నాకూ ఉంది. అట్లా జరగలేదు. ఆయన ఆ హోటలుకు పోవడమే మానేశాడు. టీ అంటే ప్రాణమిచ్చే మనిషి, ఆ చూరు కింద మళ్లీ కూర్చోలేదు. తలనొప్పి వచ్చినా తుండుగుడ్డ బిగించి కట్టుకుని పడుకున్నాడే గానీ అటు పోలేదు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతున్నాయి. నన్ను ఎవరైనా ఎక్కడైనా పక్కకు పొమ్మని చాలా ఏళ్లయింది. అయినా ఏ హోటల్లో ప్లేటు చేతికి వచ్చినా నా ఎడమకాలు ముందు ఒక అడుగు గోడ వైపే పోతుంది. మా మనవరాలు చూసి, మోకాళ్ల నొప్పి అనుకుంటుంది. నేను ఆ కాలును వెనక్కి లాక్కుంటాను. నలుగురి మధ్యకు పోయి ప్లేటు బల్ల మీద పెడతాను. అది చప్పుడు చేస్తే చేయనిస్తాను.